రాక్షసుడు ఎదురైతే: డంజన్స్ అండ్ డ్రాగన్స్ నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌కౌంటర్ అనగానే మనకి పేపర్లో వచ్చే వార్త గుర్తొస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, తలో పాత్రా తీసుకుని, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట. అందులో ఆ మాటకి అర్థం ఎదురుపడటం, అంతే. ఎదురుపడ్డాక కొట్టుకోవచ్చు, బేరమాడొచ్చు, దాక్కోవచ్చు, పరుగందుకోవచ్చు. కానీ చాలా టేబుళ్ల దగ్గర పేపర్ అర్థమే అమలవుతోంది. కనిపించిందా, లేపేద్దాం. చచ్చిందా, జేబులు వెతుకుదాం. కొత్తగా డంజన్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపేవాళ్లుగా కూర్చున్నవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నల్లో సగం పైగా ఈ అలవాటు దగ్గరే మొదలయ్యాయి. అంకెలన్నీ ఐదో ఎడిషన్ 2014 పుస్తకాలవి. 2024, 2025లలో వచ్చిన కొత్త పుస్తకాల్లో కొన్ని మారాయి, చెప్పాల్సిన చోట చెప్తాను.

మా ఫైట్లు ఎందుకు బోర్ కొడుతున్నాయి? రాక్షసుడు బలంగానే ఉన్నాడు కదా?

బలం సరిపోకపోవడం వల్ల వచ్చిన బోర్ కాదది. నేను మొదటిసారి నడిపిన ఓగర్ అనే మొరటు రాక్షసుడి సంగతి చెప్తాను. ఓగర్‌కి హెచ్‌పీ (ప్రాణబలం) 59, ఏసీ (వాడికి దెబ్బ తగలడానికి కావాల్సిన అంకె) 11, దుడ్డుకర్ర దెబ్బకి సగటున 13. ఎదురుగా మూడో లెవెల్ పాత్రలు నలుగురు. ఏసీ 11 అంటే వాళ్లు నాలుగుసార్లు కొడితే మూడు తగులుతాయి. దెబ్బకి ఎనిమిది లెక్కన రౌండుకి 24. మూడో రౌండులో ఓగర్ నేలమీద ఉన్నాడు. ఆ మూడు రౌండ్లూ వాడు చేసిందల్లా నిలబడిన చోటే నిలబడి కర్ర ఊపడం. వారం తర్వాత అడిగితే మావాళ్లలో ఒక్కడికీ వాడు గుర్తులేడు. ‘‘ఓగర్ వచ్చాడా మనకి?’’ అన్నారు.

కొన్ని నెలల తర్వాత అదే ఓగర్‌ని, అవే అంకెలతో మళ్లీ దింపాను. ఈసారి వాడికి కంచరగాడిద కావాలి. పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల గుంపు, సామానంతా మోస్తున్న గాడిద. వాడు మనుషుల వైపు కన్నెత్తి చూడలేదు. దాని కాలు పట్టుకుని వాగు వైపు ఈడ్చుకుపోవడం మొదలుపెట్టాడు. రెండో రౌండుకల్లా ఒకడు గాడిద మెడ పట్టుకుని వేలాడుతున్నాడు, ఒకామె తాడు కోసి సామానైనా దక్కించుకుందామని చూస్తోంది, ఇంకొకడు తన దగ్గరున్న ఎండుమాంసం తీసి ఓగర్ ముందు ఊపుతున్నాడు. ఆ గాడిద గురించి మా టేబుల్ దగ్గర ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

రెండుసార్లకీ అంకె మారలేదు. వాడికి ఏదో కావాలి, అంతే తేడా.

రాక్షసుడికి ఏం కావాలో ఎలా తేల్చుకోవాలి?

రాక్షసుల వివరాలుండే పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్ తెరిచి అంకెలకంటే ముందు పక్కనున్న పేరా చదవండి. చాలామంది దాన్ని వదిలేసి నేరుగా అంకెల డబ్బాలోకి వెళ్తారు. నిజానికి అసలు సరుకు ఆ పేరాలోనే ఉంటుంది.

రస్ట్ మాన్‌స్టర్‌నే చూడండి. హెచ్‌పీ 27, చాలెంజ్ రేటింగ్ (ఎంత గట్టి ప్రత్యర్థో చెప్పే అంకె) ఒకటి కూడా కాదు, సగం. అయినా ప్లేట్ ఆర్మర్ వేసుకున్న ఫైటర్ దీన్ని చూసి హడలిపోయినట్టు డ్రాగన్‌ని చూసి కూడా హడలిపోడు. ఎందుకంటే దీనికి రక్తమాంసాలు అక్కర్లేదు, ఇనుము కావాలి. మీసాలు తగిలితే కవచం తుప్పు పడుతుంది, కత్తితో కొడితే కత్తికి తుప్పు పడుతుంది. ఆటగాళ్లకి ఆ సంగతి తట్టిన క్షణం నుంచి ఆట రూపే మారిపోతుంది. నాలుగు ఇనుప మేకులు దూరంగా విసిరితే అది వాటి వెంట పోతుంది. చంపకుండా గెలవడానికి దారి ఒకటి దాని కోరికలోనే దొరికింది.

ఈ వింత జంతువు పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. హాంగ్‌కాంగ్‌లో తయారై చవగ్గా అమ్మే ప్లాస్టిక్ బొమ్మల సంచీ ఒకటి ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్‌కి దొరికింది. ఆ బొమ్మల్లోంచే రస్ట్ మాన్‌స్టర్, ఔల్‌బేర్ (సగం గుడ్లగూబ, సగం ఎలుగుబంటి), బులెట్ అనే ఇంకో జంతువు పుట్టాయి. బొమ్మ ముందు వచ్చింది, ‘ఇదేం తింటుందబ్బా’ అన్న ఆలోచన తర్వాత వచ్చింది. మీరూ అదే వరసలో ఆలోచించొచ్చు.

జంతువైతే ఆకలి, పిల్లలు, తన చోటు. ఈ మూడింటిలో ఒకటి తీసుకుంటే చాలు. తోడేళ్లకి పార్టీలో అందరూ అక్కర్లేదు, వెనకబడిన ఒక్కడు చాలు, వాణ్ణి ఈడ్చుకుని పోతాయి. గోబ్లిన్లనే పొట్టి రాక్షసుల లాంటివాళ్లకైతే పైన ఒకడుంటాడు, వాడంటే భయం ఉంటుంది. మనుషుల కంటే తెలివైన వాటికి పంతం ఉంటుంది, పరువు ఉంటుంది. ‘అది దుష్టశక్తి, అందుకే దాడి చేస్తుంది’ అని మాత్రం రాసుకోకండి. రెండో రౌండులో అదేం చేయాలో మీకే తట్టదు.

చాలెంజ్ రేటింగ్‌ని నమ్మొచ్చా?

కొంతవరకు. పుస్తకం మాట ప్రకారం, అలసిపోకుండా అన్నీ దగ్గరున్న నలుగురి పార్టీకి తమ లెవెల్‌తో సమానమైన రేటింగ్ ఉన్న ఒక్క రాక్షసుడు చావుదాకా రాకుండా గట్టి పోటీ ఇస్తాడు. ఇందులో ‘నలుగురు’, ‘ఒక్క’, ‘అలసిపోకుండా’ అన్న మాటలు మూడూ ముఖ్యమే. వాటిలో ఏది మారినా లెక్క తప్పుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పేది తలకాయల లెక్క. రౌండుకి ఎవరు ఎన్నిసార్లు చేయి చేసుకుంటున్నారన్నదే ఫలితం తేలుస్తుంది. ఎనిమిది గోబ్లిన్లకి ఎనిమిది వంతులు వస్తాయి. ఓగర్‌కి వచ్చేది ఒక్కటే. ఒకటో లెవెల్ విజర్డ్‌కి, అంటే మంత్రగాడికి, ఏడో ఎనిమిదో హెచ్‌పీ ఉంటాయి, గోబ్లిన్ బాణం సగటున 5 తీస్తుంది. రెండు తగిలితే పడిపోయినట్టే. అందుకే 2014 నియమాల్లో శత్రువులు ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉంటే కష్టాన్ని రెండింతలుగా లెక్కేయమన్నారు. 2024 గైడ్‌లో ఆ గుణకారం తీసేశారు. నేనైతే ఇప్పటికీ మనసులో వేసుకుంటాను.

ఒంటరిగా వచ్చిన పెద్ద రాక్షసుడు మూడు రౌండ్లలో చచ్చిపోతున్నాడు. ఏం చేయాలి?

ఒక్కణ్ణే దింపకండి. ఇది తేలిక జవాబు. పక్కన నలుగురు చిన్నవాళ్లుంటే దెబ్బలు పంచుకుంటారు.

ఒంటరిగానే రావాల్సినవి కొన్ని ఉంటాయి, డ్రాగన్ లాంటివి. వాటికోసమే లెజెండరీ యాక్షన్లు పెట్టారు. పెద్ద రెడ్ డ్రాగన్‌కి రౌండుకి అలాంటివి మూడు, మన వంతుల మధ్యలో తోక ఝాడిస్తుంది, రెక్కలు కొడుతుంది. తన గుహలోనే ఉంటే ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే అంకె) 20 దగ్గర గుహ కూడా దానికోసం పనిచేస్తుంది. ఇవన్నీ ఇచ్చినా కొందరు డ్రాగన్‌ని నేలమీద నిలబెట్టి కొట్టిస్తారు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. రౌండుకి 80 అడుగులు ఎగరగలిగే జీవి, 60 అడుగుల మేర నిప్పు కక్కగలిగేది, కత్తులు పట్టుకున్న నలుగురి మధ్యకి ఎందుకు దిగుతుంది? పైనుంచి వచ్చి కక్కి, కొండ వెనక్కి పోతుంది. దాన్ని కిందికి ఎలా దింపాలన్నది ఆటగాళ్ల సమస్య. ఫైట్ అసలు అక్కడే ఉంది.

ఇంకొకటి. ఆ నిప్పు ఊపిరి మళ్లీ సిద్ధమైందో లేదో ప్రతి వంతు మొదట్లో ఒక ఆరు ముఖాల పాచిక వేసి చూస్తాం, 5 కానీ 6 కానీ పడితే సిద్ధం. పడగానే పైకి చెప్పేయండి: ‘‘దాని గొంతు కింద పొలుసుల మధ్య ఎర్రటి వెలుగు కనిపిస్తోంది.’’ వెంటనే ఊదకుండా ఒక వంతు ఆగి చెబితే ఇంకా మంచిది. 18 పాచికల దెబ్బ, సగటున 63 హెచ్‌పీ. హెచ్చరించకుండా వేస్తే ‘అన్యాయం’ అంటారు. హెచ్చరించి వేస్తే, తలో దిక్కుకి పరుగెత్తిన ఆ ఒక్క రౌండే కథగా మిగులుతుంది.

‘‘అన్నా, ట్రోల్‌కి నిప్పు పెడితే చాలు కదా’’ అని ఆటగాడు ముందే చెప్పేస్తున్నాడు. సస్పెన్స్ పోయినట్టేనా?

పోలేదు. ట్రోల్ అనే ఆ రాక్షసుడి గాయాలు వంతుకి 10 హెచ్‌పీ చొప్పున మానిపోతాయి, నిప్పు కానీ యాసిడ్ కానీ తగిలితే మాత్రం తర్వాతి వంతులో మానవు. ఈ సంగతి యాభై ఏళ్లుగా అందరికీ తెలుసు. దాన్ని రహస్యంలా కాపాడుకోవడం వృథా. ‘నీకు తెలుసు గానీ నీ పాత్రకి తెలియదు’ అని గొడవ పెట్టుకోవడం ఇంకా వృథా. ట్రోల్ పక్కన బతికే పల్లెలో పిల్లలకి కూడా తెలిసే ఉంటుంది.

తెలిసినా చేయలేని చోట పెట్టండి. జోరున వాన. నడుము లోతు నీళ్లు. గడ్డివాము మీద కూర్చున్న ట్రోల్, గడ్డివాము వెనక ఊరు. పాలబావి లాంటి పొగమంచులో నూనె పీపాలు నింపిన పడవ. ఇప్పుడు ఆ తెలివైన ఆటగాడే ‘‘నిప్పు వద్దు, నిప్పు వద్దు’’ అని అరుస్తాడు.

వర్ణన ఎలా చెప్పాలి? నాకు అంత భాష రాదు.

భాష కంటే వరస ముఖ్యం. పేరు చివర్లో చెప్పండి, లేదా అసలు చెప్పకండి. నడవాని నింపేసే, కంటికి కనిపించని జెల్లీ ముద్ద ఒకటుంది. ‘‘గదిలో జెలాటినస్ క్యూబ్ ఉంది’’ అంటే ఆటగాడి చేయి వెంటనే పాచిక మీదికి పోతుంది. ‘‘నడవా మధ్యలో ఒక అస్థిపంజరం గాల్లో వేలాడుతోంది. తాడు కనిపించట్లేదు. దాని చేతిలో కత్తి కూడా గాల్లోనే ఉంది. నడవా మాత్రం అద్దంలా శుభ్రంగా ఉంది, ఒక్క ఎండుటాకు కూడా లేదు’’ అనండి. ఒకడు దగ్గరికి పోతాడు, ఇంకొకడు వాడి చొక్కా పట్టుకుని లాగుతాడు. ఆ క్యూబ్ వేగం రౌండుకి 15 అడుగులే, ముసలమ్మ కూడా తప్పించుకోగలదు. ఎటూ కదలకుండా దారికి అడ్డంగా ఉండటమే దాని బలం.

కళ్లకంటే ముందు ముక్కుకి, చెవికి పని పెట్టండి. పచ్చి నెత్తురు వాసన, ఒక్కసారిగా ఆగిపోయిన కీచురాళ్లు, ముందుకి నడవనంటున్న గుర్రం. మూడు వాక్యాలు దాటొద్దు. నాలుగో వాక్యానికి ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు.

చిన్నవాటిని, కోబోల్డ్‌ల లాంటివాటిని చూసి ఆటగాళ్లు నవ్వుతున్నారు.

నవ్వనివ్వండి, తర్వాత ఏడుస్తారు. కోబోల్డ్‌కి హెచ్‌పీ 5. ఎదురెదురుగా నిలబడితే కోబోల్డ్ పని అయిపోయినట్టే. అందుకే ఎదురుగా నిలబడకూడదు. 1987 నవంబర్‌లో వచ్చిన 127వ డ్రాగన్ మ్యాగజీన్ సంపాదకీయంలో రోజర్ మూర్ ఒక డంజన్ గురించి రాశారు. అందులోని కోబోల్డ్‌లు పెద్ద లెవెల్ వీరులను మంటలతో, ఇరుకు సొరంగాలతో, గోడల్లోని సందులతో పరుగులు పెట్టించాయి. ‘టక్కర్స్ కోబోల్డ్స్’ అన్న పేరు ఈ ఆట ఆడేవాళ్ల నోళ్లలో అప్పటినుంచి నానుతూనే ఉంది.

మీరు చేయాల్సింది వాటి ఇల్లు వాటి కొలతలకి కట్టడం. మూడడుగుల ఎత్తు సొరంగంలో మనిషి వంగి పాకాలి, పెద్ద కత్తి ఊపడానికి చోటుండదు. కోబోల్డ్ మాత్రం నిటారుగా పరుగెడుతుంది. కొట్టబోయేవాడి పక్కన తోటి కోబోల్డ్ ఇంకొకటుంటే దానికి కొట్టడానికి రెండు పాచికలు వేసి మంచిది తీసుకునే వీలుంది, కాబట్టి ఎప్పుడూ జంటగా పంపండి. గోబ్లిన్ అయితే కొట్టి, అదే వంతులో దాక్కోగలదు. కొట్టు, దాక్కో, ఇంకో కన్నంలోంచి మళ్లీ కొట్టు. పుస్తకం దానికి ఆ శక్తి ఇచ్చింది అందుకే. చాలామంది వాడరు.

రాక్షసులు పారిపోవచ్చా?

పారిపోవాలి. చచ్చేదాకా కొట్టుకునే జీవి లోకంలో అరుదు. 1981లో వచ్చిన ఈ ఆట బేసిక్ పెట్టెలో దీనికి చక్కటి పద్ధతి ఉండేది. ప్రతి రాక్షసుడికీ మొరేల్ అని ఒక అంకె. తొలి ప్రాణం పోయినప్పుడు ఒకసారి, వాళ్లలో సగం మంది పడిపోయాక ఇంకోసారి రెండు ఆరు ముఖాల పాచికలు వేసేవారు. అంకెకి మించి పడితే వెనక్కి తిరిగి పరుగే. మామూలు గోబ్లిన్‌కి 7, అంటే 36లో 15 సార్లు పారిపోతుంది. వాళ్ల రాజు పక్కనుంటే అదే అంకె 9.

ఈ ఒక్క నియమాన్ని ఐదో ఎడిషన్‌లోకి తెచ్చుకోండి. ఫైట్ల నిడివి మూడోవంతు తగ్గినట్టు మా టేబుల్ దగ్గర నాకనిపిస్తుంది. పైగా పారిపోయిన గోబ్లిన్ వెళ్లి ఎవరికో చెప్తుంది. వచ్చే వారం కథ మీకు ఉచితంగా వచ్చింది.

మరి ఆటగాళ్లు పారిపోతే?

నియమాలు ఇక్కడ మొండిగా ఉంటాయి. మనిషి వేగం 30 అడుగులు, ఓగర్ వేగం 40. లెక్క ప్రకారం పరుగెత్తి ఎవరూ బతకరు, ఆ సంగతి ఆటగాళ్లకీ తెలుసు, అందుకే చచ్చేదాకా నిలబడతారు. ‘పారిపోతాం’ అన్న క్షణంలో అడుగులు లెక్కపెట్టే గళ్ల కాగితం పక్కన పెట్టేయండి. ఏం వదిలేసి పోతారని అడగండి. తిండా, గాడిదా, బంగారమా? ఓగర్ దానికోసం ఆగుతాడు.

మాట్లాడి బయటపడే అవకాశం ఎప్పుడివ్వాలి?

ఎప్పుడూ. పాత బేసిక్ నియమాల్లో రాక్షసుడు ఎదురవగానే, ఏం చేస్తుందో డంజన్ మాస్టర్‌కి ముందే తెలియకపోతే, రెండు పాచికలు వేసేవారు. 2 పడితేనే వెంటనే దాడి, అంటే 36లో ఒక్కసారి. 12 పడితే చెట్టపట్టాలేసుకునేంత స్నేహం. 6 నుంచి 8 దాకా, అంటే దాదాపు సగం సార్లు, అదింకా తేల్చుకోలేదని అర్థం. తేల్చుకోని ఓగర్ అంటే ఎంత చక్కని సన్నివేశమో చూడండి. వాడు కర్ర దించలేదు, ఊపలేదు. మిమ్మల్నే చూస్తున్నాడు. ఎవరు ముందు మాట్లాడతారు?

మన కథల్లోని రాక్షసులను వాడుకోవచ్చా?

బ్రహ్మాండంగా. పైగా మన రాక్షసులకి చావు కిటుకు ముందే కథలో ఉంటుంది, కాబట్టి ఫైట్ దానంతటదే చిక్కుముడి అవుతుంది. రక్తబీజుణ్ణి తీసుకోండి. నెత్తురు బొట్టు నేలమీద పడితే చాలు, ఇంకో రక్తబీజుడు లేస్తాడు. కాళి ఆ నెత్తురు నేల తాకకముందే తాగేసింది. టేబుల్ మీద దీన్ని నడపడానికి కొత్త అంకెలు అక్కర్లేదు. పుస్తకంలో బ్లాక్ పుడింగ్ అనే నల్లటి జిగురు ముద్దని కత్తితో కోస్తే రెండవుతుంది, అదే సూత్రం. కత్తి, బాణం, ఈటె తగిలితే కొత్తవాడు పుట్టాలి. గదతో మోదితే, నిప్పుతో కాలిస్తే పుట్టకూడదు. మొదటి రెండు రౌండ్లు ఏమీ చెప్పకండి, మీ రోగ్ (దొంగ పాత్ర) ఉత్సాహంగా పొడవనివ్వండి.

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, ఐదో ఎడిషన్‌లో లిచ్ అనే చావులేని మంత్రగాడి ప్రాణం ఫైలాక్టరీ అనే వస్తువులో ఉంటుంది. ఒంటిని నాశనం చేసినా పది రోజుల్లోపు కొత్త ఒళ్లు వస్తుంది. మీ ఆటగాళ్లకి వివరించాల్సిన పనే లేదు, ‘‘చిలక ఎక్కడుందో వెతకండి’’ అంటే చాలు. వాలి సంగతి కూడా అంతే. ఎదురుగా నిలబడినవాడి బలంలో సగం వాలికి పోతుందని జనం చెప్పుకుంటారు. ముందునుంచి కొట్టినవాడి దెబ్బ సగం చేయండి, చాటునుంచి కొడితే పూర్తిగా తగలనివ్వండి. చెట్టుచాటు నుంచి కొట్టడం న్యాయమా అని పాలడిన్ (ధర్మం తప్పనని ఒట్టేసుకున్న వీరుడు) అడిగితే, ఆ రాత్రి ఆట తెల్లారేదాకా సాగుతుంది.

బ్రహ్మరాక్షసుణ్ణి మాత్రం కొట్టుడుకి దింపకండి. చదువుకుని దారితప్పినవాడు, రావిచెట్టు మీద విడుదల కోసం ఎదురుచూసేవాడు. వాడితో మాటలే బాగుంటాయి.

ఫైట్ తేలిపోతోందని మధ్యలో హెచ్‌పీ పెంచేయొచ్చా?

నేను పెంచను. పుస్తకంలో ఓగర్‌కి రాసిన 59 సగటు మాత్రమే. పక్కనే పాచికల లెక్క ఉంటుంది, దాని ప్రకారం ఓగర్‌కి 28 నుంచి 91 దాకా ఎంతైనా ఉండొచ్చు. ముసలి ఓగరా, కుర్ర ఓగరా అన్నది ఫైట్‌కి ముందే నిర్ణయించుకోండి. మొదటి దెబ్బ తగిలాక మార్చొద్దు. ఆటగాడు తెలివిగా ఆలోచించి ఒక్క దెబ్బకి పడగొడితే ఆ గెలుపు వాడిది. మీరు కష్టపడి తయారుచేసిన రాక్షసుడు తొందరగా పోయాడన్న బాధ మీది, మీరే పడండి.

పడిపోయిన పాత్రని రాక్షసుడు మళ్లీ కొట్టొచ్చా?

నియమం ఒప్పుకుంటుంది. హెచ్‌పీ సున్నాకి పడ్డవాడు ప్రతి వంతుకీ డి20 (ఇరవై ముఖాల పాచిక) వేస్తాడు, 10 కానీ అంతకంటే ఎక్కువ కానీ పడితే మంచిది, మూడు తప్పితే చావు. పక్కనే నిలబడి ఒక్క దెబ్బ కొడితే రెండు తప్పినట్టు లెక్క. మళ్లీ అదే ప్రశ్న వేసుకోండి: దానికేం కావాలి? తోడేలుకి తిండి కావాలి, ఈడ్చుకుపోతుంది. గోబ్లిన్‌కి తన ప్రాణం కావాలి, ఇంకా నిలబడి ఉన్నవాడి వైపు తిరుగుతుంది. పగబట్టినవాడైతే కొడతాడు. అలా కొట్టేముందు ఒక వాక్యం చెప్పి, అడ్డుకోవడానికి మిగతావాళ్లకి ఒక్క వంతు ఇవ్వండి.

ఒక్కో ఫైట్ రెండు గంటలు పడుతోంది.

దెబ్బకి పాచికలు వేయకుండా పుస్తకంలో ఇచ్చిన సగటు అంకె వాడండి. గోబ్లిన్లందరికీ ఒకే ఇనిషియేటివ్. తర్వాతి వంతు ఎవరిదో ముందే పిలవండి. గెలుపు ఖాయమయ్యాక ‘మిగతా ఇద్దరూ కత్తులు పడేశారు’ అని ముగించేయండి.

పుస్తకాలన్నీ కొనాలా?

మొదట్లో అక్కర్లేదు. 2023 జనవరిలో 5.1 రూల్స్ పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలారు. ఓగర్, ట్రోల్, గోబ్లిన్, కోబోల్డ్, ఔల్‌బేర్, రస్ట్ మాన్‌స్టర్ అన్నీ అందులో ఉన్నాయి. ఈ పేజీలో చెప్పినవి నడపడానికి అది చాలు.

రేపు సాయంత్రమే గేమ్. ఏమీ రెడీ చేసుకోలేదు, టెన్షన్‌గా ఉంది. ఒకటి ఇవ్వండి.

మూడో లెవెల్ పార్టీ, రాత్రి, అడవి. ముందు ఒక అరుపు, సగం పిల్ల గుడ్లగూబలా, సగం ఎలుగుపిల్లలా. దారి పక్కన వేటగాళ్లు తవ్విన పదిహేను అడుగుల గొయ్యి, అడుగున ఔల్‌బేర్ పిల్ల, కాలికి ఉచ్చు. గొయ్యి అవతల చెట్ల మధ్య రెండు పెద్ద గుండ్రటి కళ్లు. తల్లి. హెచ్‌పీ 59, ఏసీ 13, ముక్కు దెబ్బకి 10, గోళ్లకి 14, రెండూ ఒకే వంతులో. అది దాడి చేయట్లేదు, గొయ్యి చుట్టూ తిరుగుతోంది, దిగితే ఎక్కలేనని దానికి తెలుసు. గోతిలో పిల్ల పక్కనే చచ్చిన వేటగాడు, వాడి భుజానికి బరువైన సంచీ. దూరంగా మిగతా వేటగాళ్ల దివిటీలు, ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తారు.

పిల్ల మీద ఎవరైనా చెయ్యెత్తితే ఇనిషియేటివ్ వేయించండి. తాడు కిందికి వదిలితే వద్దు.